లెదర్ బాల్ చేతికివ్వకుండా స్పిన్నర్ ఎట్టా తయారవుతాడు?

ఈసారి పింఛన్ల గురించో పట్టాల గురించో కాదు, బంతి గురించి రాస్తన్నా. నవ్వమాకండి. మన బొల్లాపల్లి మండలంలో స్పిన్ తిప్పే పిల్లోళ్లకి కొదవ లేదు. కానీ వాళ్లల్లో ఒక్కడు జిల్లా సెలక్షన్‌కి పోయొస్తే, రెండో రోజే మొహం వేలాడేసుకుని వినుకొండ బస్సు దిగుతాడు. ఎందుకురా అంటే "అన్నా, ఆ బంతి చేతిలో నిలవట్లా" అంటాడు. నేను చాలామంది నోట విన్న మాట ఇదే. తప్పు పిల్లోడిది కాదు. వాడికి ఆరోజు దాకా అసలు బంతి ఎవరూ ఇవ్వలేదు.

సంక్రాంతికి ఏ ఊరికన్నా పోయి చూడండి. ఊరి బయట చేనులో ట్రాక్టర్‌తో చదును చేసిన గ్రౌండు, చుట్టూ దాతల ఫ్లెక్సీలు, మైకులో కామెంటరీ, బల్ల మీద మనిషెత్తు కప్పులు. బంతి మాత్రం టెన్నిస్ బాల్. ఎనిమిది ఓవర్లాట, పది ఓవర్లాట. ఆ ఆటంటే నాకు చిన్నచూపు లేదు. మిరప కోతల్లో, పత్తి తీతల్లో పొద్దంతా నడుం వంచిన పిల్లోడికి సాయంత్రం ఆడుకోటానికి ప్యాడ్లూ హెల్మెట్లూ అక్కర్లేని ఆట ఉండటం మంచిదే. అయితే అసోసియేషన్ ఆట వేరు. అక్కడ లెదర్ బాలే. ఈ రెండింటికీ మధ్య తేడా ఏందో తెలిస్తే, ఏ బంతి కొనాలో, ఎక్కడ వెయ్యాలో మీకే అర్థమైద్ది. నేను కోచ్‌ని కాను. చదివీ, చూసీ, కుర్రోళ్లతో కలిసి వేళ్లు నొప్పెట్టేదాకా తిప్పీ తెలుసుకున్నదే చెప్తన్నా.

ముందు తూకం. మామూలు టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు. మగోళ్ల క్రికెట్ బంతి 155.9 నుంచి 163 గ్రాములు ఉండాలని రూలు. దగ్గర దగ్గర మూడింతలు. "హెవీ టెన్నిస్" అని అమ్మేవాటిల్లో ఒక్కో కంపెనీది ఒక్కో బరువు, వాటికి ఏ రూలూ లేదు. అరవై గ్రాముల బంతిని తిప్పటానికి అలవాటైన వేలు నూట అరవై గ్రాముల బంతిని తిప్పలేదు. అది బలం సంగతి, నెలల తరబడి తిప్పితేనే వస్తది. సెలక్షన్ రోజు పొద్దున నెట్స్‌లో పది బంతులేస్తే రాదు.

తూకం కంటే పెద్ద తేడా ఇంకోటుంది. టెన్నిస్ బంతి మెత్తన. వేళ్ల మధ్య నొక్కి పట్టి చిటికేసినట్టు వదలొచ్చు. నేల తగిలినప్పుడు అది కొంచెం చపాతీలాగా అణిగి లేస్తది. అందుకే నొక్కి వదిలే పిల్లోడిది మూరెడు తిరుగుద్ది. లెదర్ బంతిని నొక్కలేవు, నేల మీద అది అణగదు. మరి దేనివల్ల తిరుగుద్ది? కుట్టు వల్ల. బంతి నడుముకి చుట్టూ ఆరు వరసల కుట్టు ఉంటది గదా, మనం సీమ్ అంటాం. స్పిన్నర్‌కి ప్రాణం ఆ కుట్టే. వేలు దాన్ని పట్టుకునే తిప్పాలి. బంతి పడేటప్పుడు ఆ కుట్టే నేలని గీరి పక్కకి లాగుద్ది. నున్నటి తోలు పడిందనుకో, జారి తిన్నగా పోద్ది. ఒకే చేత్తో ఒకే రకంగా వేసినా ఒకటి తిరిగి ఇంకోటి తిరగకపోవటానికి చాలాసార్లు కారణం ఇదే. ఒకటి కుట్టు మీద పడింది, ఇంకోటి తోలు మీద పడింది.

గాలిలో జరిగేది కూడా ఉంది. బంతి గట్టిగా తిరుగుతా పోతే గాలి దాన్ని ఒక పక్కకి నెడతది. ముందుకి దొర్లేటట్టు తిప్పితే బ్యాట్స్‌మన్ అనుకున్నదానికంటే ముందే కిందికి దిగుద్ది. దాన్ని డిప్ అంటారు. ఆఫ్ స్పిన్నర్ పక్కకి తిప్పితే కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి బంతి ముందు గాలిలో బయటికి జరిగి, పడ్డాక లోపలికొస్తది. టెన్నిస్ ఆటలో ఇదేదీ నేర్చుకునే వీలుండదు. ఎందుకంటే అక్కడ ఎత్తుగా వేసినోడు సిక్సు తిన్నట్టే. అందుకని మనోళ్లందరూ చదునుగా, జోరుగా గుచ్చటం నేర్చుకుంటారు. లెదర్ సెలక్షన్‌లో చూసేవాళ్లు అడిగేది సరిగ్గా దీనికి ఎదురు: బంతిని పైకి లేపు, తిప్పు, దిగనియ్యి.

ఇట్టా అన్నానని టెన్నిస్ బంతి దండగ అనుకోవద్దు. టెస్టుల్లో 537 వికెట్లు తీసిన అశ్విన్, తన క్యారమ్ బాల్‌ని చెన్నై గల్లీలో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాడి దగ్గర చూసి నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. ఆస్ట్రేలియాలో జాక్ ఐవర్సన్ అనే ఆయన యుద్ధం రోజుల్లో టేబుల్ టెన్నిస్ బంతిని వేలితో తన్నటం సరదాగా నేర్చుకుని, 1950-51లో ఇంగ్లండ్ మీద ఐదు టెస్టుల్లో 21 వికెట్లు తీశాడు. ఆలోచన ఏ బంతితోనైనా పుట్టుద్ది. అయితే వాళ్లిద్దరూ దాన్ని తోలు బంతి మీదికి ఎక్కించుకున్నారు. మనోళ్లకి ఆ రెండో మెట్టే లేదు.

కార్క్ బాల్ సంగతి ఒక ముక్కలో తేలుస్తా: స్పిన్ నేర్చుకోటానికి కొనమాకండి. గట్టిగా ఉంటది, చవగ్గా వస్తది, దెబ్బ మాత్రం లెదర్ అంత తగులుద్ది. పైన కనపడే కుట్టు చాలావాటిల్లో అచ్చుపోసిన గీతే, వేలికి ఆనదు.

ఇప్పుడు కొట్టుకి పోదాం. వినుకొండలోనో నరసరావుపేటలోనో అడిగితే రెండు రకాలు చూపిస్తారు, టూ పీస్, ఫోర్ పీస్. టూ పీస్ అంటే పైతోలు రెండు గిన్నెల్లాగా చేసి మధ్యలో కలిపి కుట్టింది. ఫోర్ పీస్‌లో ఒక్కో గిన్నె మళ్లీ రెండు ముక్కలు కలిపి లోపలివైపు నుంచి కుట్టింది. బంతి మీద నడిమి కుట్టుకి అడ్డంగా సన్నటి గీత కనపడితే అది ఫోర్ పీస్. మంచి బంతి లోపల బెండు ఉంటది, దాని చుట్టూ ఊలు దారం బిగించి చుడతారు. అది గుండ్రం చెడకుండా చానా ఓవర్లు నిలబడతది. టూ పీస్ తొందరగా కోడిగుడ్డు ఆకారానికొస్తది. ధర ఫోర్ పీస్‌లో సగం ఉంటది కాబట్టి అది పూర్తిగా పనికిరాదనీ అనను. గరుకు నేల మీద రోజువారీ వేలు తిప్పుకోటానికి టూ పీస్, మ్యాచ్‌కీ మ్యాట్ మీద ప్రాక్టీసుకీ ఫోర్ పీస్. ఇట్టా రెండూ పెట్టుకుంటే డబ్బు వృథా కాదు.

ఒకసారి మా కుర్రోళ్ల కోసం నేనే పోయి నాలుగు కొట్లు తిరిగా. ఒక కొట్టాయన డబ్బా మీద పెద్ద పేరు చూపించి టూ పీస్‌నే ఫోర్ పీస్ అని చేతిలో పెట్టాడు. గీత ఏదయ్యా అంటే "లోపలుంటదండీ" అన్నాడు. అప్పటి నుంచీ నేను డబ్బా చూడటం మానేసి బంతి చూస్తన్నా. మీరూ అట్టాగే చూడండి. బొటనవేలి గోరు కుట్టు మీద పెట్టి చుట్టూ తిప్పండి. గోరుకి ప్రతి కుట్టూ తగలాలి. ఒకచోట ఎత్తుగా, ఒకచోట అణిగి ఉంటే వద్దనండి. అద్దం బల్ల మీద దొర్లించండి. తడబడతా పోతే గుండ్రం లేదన్నట్టు. కుట్టు నిలువుగా పెట్టి గాలిలోకి తిప్పి ఎగరేయండి, ఆ కుట్టు ఒకటే గీతలాగా కనపడాలి. వంకర్లు తిరుగుతా కనపడితే బరువు ఒక పక్కకి ఉన్నట్టు. పైన రంగూ మెరుపూ మరీ మందంగా పూసినదాన్ని స్పిన్నర్లు తీసుకోవద్దు. అది అరిగేదాకా వేలు జారుద్ది. ఇంకో సులువైన పని, పక్కనున్న కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. 156కి తగ్గకూడదు, 163కి మించకూడదు. టైలర్ టేపుతో చుట్టుకొలత కొలిస్తే 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల లోపల రావాలి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, మిరపకాయల బస్తా తూకం దగ్గర మనం ఊరుకుంటామా?

డబ్బా మీది రాత నమ్మొద్దన్నది మన ఒక్క ఆటకే కాదు. హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గర నయాఖిల్లాలో గోల్ఫ్ ఆడతారు. ఆ బంతి 45.93 గ్రాములకి మించకూడదు. దూరంగా బాదినప్పుడు లోపలి రబ్బరు నలిగి పనిచేస్తది. జెండా గుంట దగ్గర మెల్లగా తట్టినప్పుడు దెబ్బ లోపలిదాకా పోదు, పైపొరే కర్ర మీది గాళ్లని పట్టుకుని తిరుగుద్ది. అందుకని పైపొర యురేథేన్ అయితే బంతి పడిన కాడ ఆగుద్ది, గట్టి అయానోమర్ అయితే జారిపోద్ది. డబ్బా మీద "సాఫ్ట్" అని ఉంటే స్పిన్ ఎక్కువనుకుని కొనేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ సాఫ్ట్ చాలాసార్లు లోపలి రబ్బరుది, పైపొరది కాదు. కాబట్టి ఏ ఆటైనా, స్పిన్ కావాలంటే తగిలే చోటు చూసుకోవాలి. వాళ్లకి పైపొర, మనకి కుట్టు.

కంపెనీల మాటకొస్తే ప్రపంచం మొత్తంలో టెస్టులు మూడు బంతులతో ఆడతారు. మన దేశంలో ఎస్‌జీ, ఆస్ట్రేలియా లాంటి చోట్ల కూకాబుర్రా, ఇంగ్లండ్‌లో డ్యూక్స్. ఎస్‌జీ, డ్యూక్స్ చేత్తో కుట్టినవి. కూకాబుర్రాలో బయటి వరసలు మిషన్ కుట్టు, ఇరవై ముప్పై ఓవర్లకి కుట్టు అణిగిపోద్ది, స్పిన్నర్లు తిట్టుకుంటారు. ఎస్‌జీలో కుట్టు పైకి లేచి ఉంటది, ఎక్కువసేపు నిలబడతది. మన రంజీ ఆటా దాంతోనే. కాబట్టి నేర్చుకునే స్పిన్నర్‌కి చేత్తో కుట్టిన, కుట్టు లేచి ఉన్న బంతి కావాలి. ఎస్‌జీనే కొనమని నేననను. ఆ కంపెనీ పైరకం బంతి మనకి అందే ధర కాదు. మీరట్‌లోనూ జలంధర్‌లోనూ పేరులేని చిన్న కార్ఖానాలు ఎన్నో ఉన్నాయి, వాటి బంతులు మన కొట్లకీ వస్తాయి. పైన చెప్పిన పరీక్షలన్నీ దాటితే పేరు ఏదైతే మనకేంది?

ఆ మీరట్ సంగతి ఒకటి చెప్పాలి. ఎస్‌జీ కంపెనీ 1931లో సియాల్‌కోట్‌లో పుట్టింది. దేశం చీలినప్పుడు ఆ ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది, కంపెనీ మీరట్‌కొచ్చింది. ఒంటికున్న బట్టలతో వచ్చిన కార్ఖానాలోళ్లూ పనోళ్లూ కలిసి మళ్లీ మొదలెట్టిన పని అది. పటికతో పదును చేసిన తోలుని ముక్కలుగా కోసి, రెండు చేతులా రెండు సూదులు పట్టుకుని కుడతారు. తోలు పని అంటే మన సమాజం ఏ కులాల నెత్తిన పెట్టిందో మీకు చెప్పక్కర్లేదు. వాళ్లు కుట్టిన బంతిని వాళ్ల పిల్లలు పట్టుకోటానికే ఒకప్పుడు వీల్లేదు.

పల్వాంకర్ బాలూ పేరు ఎంతమంది విన్నారు? 1876లో ధార్వాడ్‌లో పుట్టాడు, తోలు పని కులం. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదును చేసి, నెట్లు కట్టే పని, నెలకి నాలుగు రూపాయలు జీతం. అక్కడి దొర గ్రేగ్‌కి బ్యాటింగ్ ప్రాక్టీసు కావాలి, బంతులెయ్యటానికి మనిషి కావాలి. బాలూ ఎడమచేత్తో గంటల తరబడి వేశాడు. బ్యాటు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు, బంతి మాత్రం చేతికొచ్చింది. 1911లో ఇంగ్లండ్ పోయిన జట్టులో అదే చెయ్యి నూరుకి పైగా వికెట్లు తీసింది. అదే మనిషికి పూనాలో టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో ఇచ్చేవాళ్లు. బాలూకి ఎవరూ కోచింగ్ ఇచ్చింది లేదు. ఆయనకి దొరికిందల్లా రోజూ అసలు బంతి, వెయ్యటానికి టైమూ. మన తండాల్లో, పల్లెల్లో పిల్లోళ్లకి టైముంది. ఆ బంతే లేదు.

చెల్లెళ్లకి వేరే మాట. ఆడపిల్లల బంతి మగోళ్ల బంతి కాదు. 140 నుంచి 151 గ్రాములు, చుట్టుకొలత 21 నుంచి 22.5 సెంటీమీటర్లు. చిన్న చేతికి పెద్ద బంతి ఇస్తే వేళ్లు చాలక అరచేత్తో పట్టుకుంటారు, అరచేత్తో పట్టుకున్న బంతి తిరగదు. ఆ అలవాటు పడితే మళ్లీ మాన్పించటం కష్టం. పదమూడేళ్ల లోపు పిల్లలకైతే ఇంకా చిన్నది, 133 నుంచి 144 గ్రాములు. కొట్లో "ఉమెన్స్ బాల్" అని గట్టిగా అడగండి, లేదంటే తెప్పించమనండి. 2025 నవంబర్‌లో మన దేశం మహిళల ప్రపంచ కప్పు గెలిచింది గదా, ఆ జట్టులో ఎడమచేతి స్పిన్ వేసిన శ్రీచరణి మనలాంటి పల్లెటూరి పిల్లే, కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం. పల్లె పిల్ల స్పిన్ వేస్తే ఎక్కడిదాకా పోద్దో ఇక వేరే రుజువు అక్కర్లేదు.

బంతి కొన్నాక ఎక్కడ వెయ్యాలి? సిమెంటు పిచ్ మీదో గులకరాళ్ల మీదో వేస్తే కొత్త లెదర్ బంతి ఒక్క పూటలో చీరుకుపోద్ది. సిమెంటు మీద బంతి లేస్తది గానీ కుట్టు గీరదు, తిప్పినోడికీ తిప్పనోడికీ తేడా తెలవదు. స్పిన్నర్‌కి మంచిది కొబ్బరి పీచు చాప, మ్యాటింగ్ అంటారు. కుట్టు దాన్ని బాగా పట్టుకుంటది. 1905-06లో దక్షిణాఫ్రికా తమ దేశంలో మ్యాటింగ్ పిచ్‌ల మీద ఇంగ్లండ్‌ని 4-1తో ఓడించింది, అందులో పెద్ద పని నలుగురు గూగ్లీ బౌలర్లది. చాప కింద నేల మాత్రం గట్టిగా, చదునుగా ఉండాలి.

నేల మనకి దేవుడిచ్చిందే ఉంది. దేశంలో పెద్ద పెద్ద స్టేడియాల పిచ్‌లు రెండే రకాలు, ఎర్రమట్టి, నల్లమట్టి. ఎర్రమట్టి మీద బంతి బాగా లేస్తది, ఎండితే తొందరగా పగిలి తిరుగుద్ది. నల్లమట్టి గట్టిగా అతుక్కుంటది, బంతి కిందగా, నెమ్మదిగా వస్తది. రెండూ మన చుట్టుపక్కలే దొరుకుతాయి. కళ్లం చేసినట్టే పిచ్ చెయ్యొచ్చు. రాయీ రప్పా ఏరి, నల్లరేగడి పరిచి, తడిపి, కొంచెం ఆరాక గుండు దొర్లించాలి. ఇట్టా పది పన్నెండు సార్లు తడుపుతా ఆరబెడతా దొర్లిస్తే బిగుసుకుంటది. వికెట్ నుంచి వికెట్‌కి 20.12 మీటర్లు. మీ తాతల్ని అడగండి, నీళ్లు ఎంత పోయాలో వాళ్లకి మన కంటే బాగా తెలుసు.

డబ్బు సంగతి. లెదర్ ఆట ఖర్చుతో కూడిందే, కాదని అబద్ధం చెప్పను. బంతుల కంటే ప్యాడ్లు, గ్లవ్స్, గార్డు, హెల్మెట్‌కి ఎక్కువైద్ది. అవి లేకుండా లెదర్ బంతితో మ్యాచ్ పెట్టారంటే నేనే వచ్చి ఆపుతా. పన్ను రాలితే, కన్ను పోతే ఆ ఇంటికి ఎవరూ రారు. కానీ స్పిన్నర్ నేర్చుకోటానికి బ్యాట్స్‌మన్ అక్కర్లేదు. ఒక చాప, ఆరు బంతులు, మూడు కర్రలు, గుడ్ లెంగ్త్ దగ్గర సున్నంతో గీసిన చిన్న డబ్బా. అంతే. ఒక్కో పిల్లోడు పొద్దున అరవై బంతులు అందులో వెయ్యాలి. సంక్రాంతి టోర్నమెంట్‌లో ఫ్లెక్సీలకీ మైకుకీ అయ్యే ఖర్చులో కొంత చాలు దీనికి. కప్పులిచ్చే దాత దగ్గరికి కమిటీగా పోయి అడగండి: "అన్నా, ఈ ఏడు కప్పు చిన్నది చేసి, మిగిలినదాంతో చాపా బంతులూ ఇప్పించు, చాప మీద నీ పేరే రాయిస్తాం." పేరు రాయిస్తామంటే కాదనేవాళ్లు తక్కువ. 2023 డిసెంబర్‌లో "ఆడుదాం ఆంధ్ర" మొదలైనప్పుడు సచివాలయాలకి ఆట సామాన్లు ఇచ్చారు. మీ ఊళ్లో క్రికెట్ సామాను ఏముంది, ఎక్కడుంది అని పోయి అడగండి. అది ఏ పార్టీ సొమ్మూ కాదు, మన పన్ను. మర్యాదగా అడగండి, నోటితో అడిగి వదిలెయ్యకుండా కాయితం మీద రాసిచ్చి రశీదు తీసుకోండి.

తెచ్చుకున్న బంతిని చూసుకునే పద్ధతి కూడా ఉంది. చలికాలం మంచు పడ్డ గడ్డిలో ఆడితే తోలు నీళ్లు పీల్చి ఉబ్బుద్ది, కుట్టు వదులైద్ది. పొడిగుడ్డ జేబులో పెట్టుకుని ప్రతి ఓవర్‌కీ తుడవండి. తడిసిన బంతిని ఎండలో పెట్టొద్దు, పొయ్యి దగ్గర అసలే పెట్టొద్దు, నీడలో ఆరనివ్వండి. పాతబడిందని పారెయ్యమాకండి. మెరుపు పోయి గరుకైన బంతి కొత్త స్పిన్నర్ వేలికి ఇంకా బాగా పట్టిస్తది. కుట్టు నిలబడి ఉన్నన్నాళ్లూ అది బంతే. ఒకచోట దారం తెగితే వెంటనే చెప్పులు కుట్టే అన్న దగ్గరికి తీసుకుపోండి. మైనం రాసిన దారంతో నాలుగు కుట్లు బిగించమనండి. మ్యాచ్‌కి పనికిరాదు గానీ ప్రాక్టీసుకి ఇంకో నెలొస్తది. ఆయన అడిగింది ఇచ్చెయ్యండి, బేరమాడమాకండి.